కూకోని బండి

“మీ బావ బండిలోంచి దిగడం నేదురా” అని మా అక్క సాలూరు నుంచి ఫోన్ చేసినప్పుడు, అరవై తొమ్మిదేళ్ల వయసులో, ఒంట్లో షుగరు పెట్టుకుని, బావ మళ్లీ రాయపూర్ ట్రిప్పులు మొదలెట్టాడేమో అనుకున్నాను. ఎక్కడిదాకా వెళ్లాడని అడిగాను కూడా. ఎక్కడికీ వెళ్లలేదట. బండి ఇంటి పక్క ఖాళీ స్థలంలోనే ఉందట. మనిషి అందులో ఉన్నాడట.

సంగతి ఇది. బావ లారీకి వయసైపోయింది. ఇక రోడ్డెక్కించడానికి కాగితాలు రావన్నారు. పాత ఇనుముకి అమ్మేద్దామని ఇంట్లో అందరూ అనుకున్నారు, బావ కూడా తల ఊపాడు. కొనేవాడు రెండుసార్లు వచ్చాడు. రెండుసార్లూ బావ కేబిన్లో స్టీరింగు ముందు కూర్చుని, కిటికీలోంచి “రేపు రా” అని పంపేశాడు. పొద్దున్న టీ అక్కడే, పేపరు అక్కడే, మధ్యాహ్నం అన్నం క్యారేజీ అక్క కిటికీలోంచి అందించాలి. కిందటి వారం దిగుతూ మెట్టు మీంచి జారిపడ్డాడు. నుదుటి మీద రెండు కుట్లు, మోకాలికి కట్టు. ఈసారి పడి తుంటి విరిగితే మంచం మీంచి లేవడని డాక్టరు ముందే చెప్పేశాడు. కూతుళ్లిద్దరూ వచ్చి ఏడ్చి చెప్పినా వినలేదు. కట్టు కట్టించుకుని వచ్చిన మనిషి ఇంట్లోకి రాకుండా తిన్నగా వెళ్లి మళ్లీ బండెక్కాడు.

ఇందులో నేనేం చెయ్యగలను? నేను విజయనగరంలో లెక్కల మాస్టారిని, క్రేను డ్రైవర్ని కాదు. ఆ మాటే అన్నాను. మా అక్క ఊరుకోలేదు. “అప్పుడు సిన్న లారీ ఒకటి సేసినావు కదరా. దాన్ని బాగు సేసి తే. ఇంట్లో బల్ల మీద పెడతాను. అది సూసుకుని ఇంట్లో ఉంటాడేమో” అంది.

చంటిపిల్లాడి చేతిలోంచి కత్తి లాక్కోవాలంటే బెల్లంముక్క చూపిస్తారే, అలాంటి ఆలోచన. నాకు నవ్వొచ్చింది. వెంటనే ఒళ్లు మండింది కూడా, ఎందుకంటే ఆ చిన్న లారీ సంగతి నా దగ్గర ఎవరూ ఎత్తరు. ఎత్తకూడదని ఇరవై నాలుగేళ్ల కిందటే అందరికీ తెలిసేలా మూతి ముడుచుకున్నాను.

అప్పట్లో నాకు బొమ్మలు కట్టే పిచ్చి ఉండేది. బొమ్మలంటే పిల్లలాడుకునేవి కాదు, కొలతలు తీసి కట్టేవి. అసలు వస్తువులో అడుగుంటే నా దాంట్లో అరంగుళం ఉండాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా పీకి మళ్లీ మొదలెట్టేవాణ్ని. మా ఊరి గంటస్తంభం కట్టాను, ఎర్రబస్సు కట్టాను, బొగ్గు ఇంజను కట్టాను. చూసినవాళ్లందరూ మెచ్చుకునేవారు. నాకు తల తిరిగింది. ఆ తిరిగిన తలతో, బావ కొత్తగా బాడీ కట్టించుకున్న లారీని చెయ్యడానికి పూనుకున్నాను. ఏడు నెలలు పట్టింది. టీపెట్టె చెక్కతో బాడీ, పాలడబ్బా రేకుతో కేబిను, హవాయి చెప్పు కోసి ఆరు టైర్లు. నిండా బస్తాలు వేసి, పాతగొడుగు గుడ్డతో పట్టా కప్పి, దారంతో తాళ్లు బిగించాను. నుదుటి మీద బావ వాళ్లమ్మ పేరు కూడా అచ్చు అలాగే రాశాను. అమ్మ పేరు రాయించాడు గానీ నా పేరు రాయించలేదని అక్క సణుగుడు అప్పటికే మొదలైంది, అది వేరే కథ.

చేసినవాణ్ని చేసినట్టు చాటుగా ఇచ్చి రావచ్చు కదా? ఇవ్వలేదు. మా చిన్న మేనకోడలి ఓణీల ఫంక్షనుకి, వందమంది ముందు ఇవ్వాలని తీసుకెళ్లాను. సాలూరులో లారీ బొమ్మ చూపించడమంటే తిరుపతి వెళ్లి లడ్డు చేసి రుచి చూడమనడం లాంటిది. అక్కడ కుర్చీలో కూర్చున్న ప్రతివాడూ డ్రైవరు, లేదంటే ఓనరు, లేదంటే బాడీ కట్టే మేస్త్రి. బావ బొమ్మని చేతుల్లోకి తీసుకున్నాడు. ముందు చూశాడు, వెనక చూశాడు, తల వంచి కింద కూడా చూశాడు. “బాగా సేసినావురా. గాని ఇది నా బండి కాదు. కూకోనేదు” అన్నాడు.

వెనక నిలబడ్డ నలుగురైదుగురు డ్రైవర్లు కూడా వంగి చూసి, అవునవును, కూకోనేదు అన్నారు.

కూకోనేదు అంటే కూర్చోలేదు అని. అంతమాత్రం నాకూ తెలుసు. మా విజయనగరంలో బండి కూర్చుందంటే చెడిపోయి దారిలో ఆగిపోయిందని. మరి కూర్చోలేదంటే మెచ్చుకోలు కావాలి కదా? ఆయన మొహం చూస్తే మెచ్చుకుంటున్నట్టు లేదు. కాబట్టి లెక్కల మాస్టారి బుర్ర ఇంకోలా పనిచేసింది. చక్రాలు నేలకి సరిగా ఆనలేదని అంటున్నాడు అనుకున్నాను. వెంటనే బొమ్మని షోకేసు గాజుపలక మీద పెట్టాను. శుభలేఖ ఒకటి తీసి ఒక్కొక్క టైరు కిందా దూర్చబోయాను. ఎక్కడా దూరలేదు. చూడు బావా, ఆరు టైర్లూ ఆనాయి అన్నాను. ఆ మాటకి అక్కడున్నవాళ్లందరూ నవ్వారు. బావ నా భుజం తట్టి, నువ్వు మేస్టారివి, నీకు తెలీదులే అన్నాడు. ఇంతలో భోజనాలకి పిలిచారు.

కోపం వచ్చిందని నేను భోజనం మానెయ్యలేదు. జిలేబి రెండుసార్లు వేయించుకున్నాను. చెయ్యి కడుక్కుని, లారీని దాని పెట్టెలో పెట్టుకుని, బస్సెక్కి తిరిగి వచ్చేశాను. అటక మీద పెట్టాను. రంపం, ఆకురాయి, రంగులు అన్నీ ఒక గోనెసంచిలో కట్టి దాని పక్కనే పెట్టాను. ఆ తరవాత ఎవరడిగినా తీరిక లేదనేవాణ్ని. పేపర్లు దిద్దాలి, ఎలక్షన్ డ్యూటీ, జనాభా లెక్కలు. ఉద్యోగంలో ఉన్నవాడికి సాకులకి కొరతా? బావతో మాటలు మానలేదు. పండక్కీ పబ్బానికీ వెళ్లేవాణ్ని, వచ్చేవాణ్ని. కూకోనేదు అంటే ఏమిటని మాత్రం అడగలేదు. తెలియదని ఒప్పుకోవాలి కదా మరి.

ఇలాంటివాణ్ని పట్టుకుని అక్క మళ్లీ ఆ లారీ బాగు చెయ్యమంది. చెయ్యనని చెప్పడానికి నోరు తెరిచాను. “తమ్ముడూ, మళ్లీ పడితే నేవలేడురా మనిషి” అంది. నోరు మూసుకున్నాను.

అటకెక్కి పెట్టె దింపాను. మా ఆవిడ కింద నుంచి నిచ్చెన పట్టుకుని, జాగ్రత్త, ఇక్కడొకరు పడితే అక్కడ ఆయన్ని దింపేదెవరు అంది. పెట్టె తెరిస్తే లారీ చూడ్డానికి దయనీయంగా ఉంది. టైర్లు ఎండి ఉసిరి ఒరుగుల్లా ముడుచుకుపోయాయి. పట్టాని మైదా బంకతో అంటించాను కదా, ఎలకలకి విందు అయింది. ఒక హెడ్‌లైటు లేదు. బాడీ చెక్క మాత్రం చెక్కుచెదరలేదు. కేబిన్ మీద రంగు ఇంకా మెరుస్తోంది. నేను చేసిందే అని కాదు గానీ, చక్కగా చేశాను. ఆ మాట పైకే అన్నట్టున్నాను. మా ఆవిడ విని, సంతోషం, ఇక భోజనాల బల్ల నాకు వదిలేస్తారా లేక నేల మీద వడ్డించాలా అంది.

నేల మీదే వడ్డించింది. మూడు వారాలు.

మళ్లీ మొదలెట్టడమంటే సైకిల్ తొక్కడం లాంటిదని, మరిచిపోమని అంటారు. అన్నవాడికి అరవై ఏళ్లు ఉండి ఉండవు. ముప్పై ఆరేళ్ల వయసులో ఊపిరి బిగబట్టి అగ్గిపుల్లని నిలువునా చీల్చినవాణ్ని. ఇప్పుడు పుల్ల రెండు పుల్లలుగా కనిపిస్తోంది, ఏది చీల్చాలో తెలియలేదు. కళ్లజోడు పెడితే పుల్ల కనిపించి చెయ్యి కనపడదు, తీస్తే చెయ్యి కనిపించి పుల్ల కనపడదు. వేళ్లు వణుకుతున్నాయని మా ఆవిడకి తెలియకూడదని టీ తాగేటప్పుడు కప్పు రెండు చేతులా పట్టుకునేవాణ్ని. చలేస్తోందా అని అడిగింది, ఏప్రిల్ నెలలో. చిన్న సామాన్లు పట్టుకోవడానికి ఆవిడ కనుబొమ్మలు తీసుకునే చిమ్టా ఎత్తుకొచ్చాను. దాని చివర బంక గడ్డకట్టిన రోజున మా ఇంట్లో జరిగినది ఇక్కడ రాయను.

ఇప్పటి బంకలు నాకు కొత్త. మా రోజుల్లో బంక ఆరేదాకా పేపర్లు దిద్దుకోవచ్చు. ఇది అంటుకునేసరికి ఆలోచించుకునే వ్యవధి లేదు. ఎడమ బొటనవేలు కింద పరిచిన పేపరుకి అతుక్కుపోయింది. గుంజితే చర్మం వచ్చేట్టుంది. చుట్టూ కత్తిరించుకుని మర్నాడు అలాగే బడికి వెళ్లాను. స్టాఫ్‌రూములో మా తెలుగు మేడం నా వేలు పట్టుకుని చదివింది. “వధువు కావలెను.” ఆ తరవాత వారం రోజులు నాకు సంబంధాలు చూశారు.

మా ఆవిడది శ్రీకూర్మం దగ్గర, సముద్రం ఒడ్డున ఊరు. రోజూ బల్ల దగ్గరకి వచ్చి, పని ఎంతవరకు అయిందో చూసి, మా గుళ్లో తాబేళ్లు ఈపాటికి ప్రదక్షిణ పూర్తి చేసేసుంటాయి అని వెళ్లిపోయేది. తొందరపెట్టడానికి కారణం ఉంది. పాత ఇనుము కొనేవాడు అక్కకి ఆఖరి గడువు పెట్టాడు. మూడో ఆదివారం వస్తాను, ఈసారి కూడా తిప్పి పంపితే ఇక రాను అన్నాడట. వాడు కాకపోతే ఇంకొకడు. కానీ ఈలోపు బావ ఎన్నిసార్లు ఆ మెట్టు మీద ఎక్కి దిగాలి?

టైర్లు మార్చాను, లైటు పెట్టాను, పట్టా మార్చాను. అంతా అయ్యాక బల్ల మీద నిలబెట్టి చూశాను. ఇరవై నాలుగేళ్ల నాటి లారీయే, అచ్చు అలాగే ఉంది. అంటే ఇప్పటికీ కూకోలేదన్నమాట. ఇదే పట్టుకెళ్తే బావ మళ్లీ అదే మాటంటాడు, మళ్లీ బండెక్కుతాడు. తప్పేమిటో తెలియకుండా ఎంత నున్నగా తుడిస్తే మాత్రం ఏం లాభం? మొదటి ఆదివారం టేపు జేబులో పెట్టుకుని సాలూరు బస్సెక్కాను.

లారీ ఇంటి పక్కన, గడ్డిలో ఉంది. వెనక బాడీ మీదకి అక్క బీరపాదు పాకించింది. పువ్వులు కూడా పూశాయి. బావ కేబిన్లో కాళ్లు బారజాపుకుని పేపరు చదువుతున్నాడు. నుదుటి మీద కుట్ల మచ్చ. నన్ను చూసి పేపరు దించాడు. నేను పలకరించి, వంగి, టేపు తీసి వెనక ఇరుసు దగ్గర కొలవడం మొదలెట్టాను. కాసేపు పైనుంచి చూశాడు.

“కొలత దేనికిరా? గోరీకా? నాకా, బండికా?” అన్నాడు.

కింద దూరాను. చొక్కా నిండా గ్రీజు. కిందటిసారి ఎత్తు తప్పిందా, ఇరుసు తప్పిందా అని ఒక్కొక్కటీ కొలిచి కాగితం మీద వేసుకున్నాను. ఏదీ తప్పలేదు. అన్నీ అడుగుకి అరంగుళం, గీత గీసినట్టున్నాయి. లారీ కింద వెల్లకిలా పడుకుని, ఆ చెమటలో, నా మీద నాకే కోపం వచ్చింది. నలభై మంది పిల్లలకి రోజూ చెప్తాను, అర్థం కాకపోతే సిగ్గుపడకుండా అడగండర్రా అని. పాక్కుంటూ బయటకి వచ్చి, కిటికీ కింద నిలబడి, అడిగేశాను.

“బావా, ఆవేళ కూకోనేదన్నావు. అంటే ఏటి?”

బావ నన్ను అలాగే చూశాడు. ఏవేళ అని అడగలేదు. ఆయనకీ గుర్తుందన్నమాట. పేపరు మడతపెట్టాడు. తలుపు తెరిచి, మొహం బండి వైపు తిప్పి, కట్టు కట్టిన కాలితో మెట్టు వెతుక్కుంటూ దిగడం మొదలెట్టాడు. పట్టుకోబోతే కసిరాడు, నన్ను పట్టుకుంటే నువ్వు పడతావని. దిగి, కుంటుకుంటూ వెనక్కి వచ్చాడు. టైర్లు కొట్టి చూసే రాడ్డుతో వెనక చక్రం లోపల చూపించాడు. ఒకదాని మీద ఒకటి పేర్చి బిగించిన ఉక్కుపట్టీలు. కమాన్ కట్టలంటారు వాటిని.

“ఇది కాళీ బండి. సూడు, పట్టీలు ఎలగ ఒంపు తిరిగున్నాయో. ఎనక ఎత్తుగా ఉన్నాది. లోడెక్కిందనుకో, ఈ ఒంపు సదునైపోతాది. టైరుకి పొట్టొస్తాది. ఎనక దిగిపోతాది. అప్పుడు బండి కూకున్నాది అంటాం. కూకుంటేనే ఘాట్ రోడ్డు మీద నేలని పట్టుకుంటాది.” ఆగి, ఊపిరి తీసుకున్నాడు. “నువ్వేటి సేసినావు? నిండా బస్తాలేసి, పట్టా కప్పి, తాడు బిగించి, బండిని మాత్రం పెళ్లికొడుకునాగ నిక్కబొడిసి నిలబెట్టినావు. ఆ బస్తాల్లో ఏటేసినావురా, దూదా?”

“థర్మోకోలు” అన్నాను.

బావ నవ్వడం మొదలెట్టాడు. రాడ్డు మీద వాలిపోయి, దగ్గొచ్చేదాకా నవ్వాడు. వంటింట్లోంచి అక్క చేతిలో గరిటెతో బయటకి పరిగెత్తుకొచ్చింది, మళ్లీ పడ్డాడేమోనని. ఆయన నవ్వుతున్నాడని తెలిసి అక్కడే గుమ్మంలో నిలబడిపోయింది. ఎన్నాళ్లయిందో ఆ నవ్వు విని. ఇన్నేళ్లూ అడగకుండా కడుపులో పెట్టుకున్నావా, సెప్పీవోడిని కదా అని బావ నా నెత్తి మీద ఒకటి మొట్టాడు. అరవై ఏళ్లవాణ్ని. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

నవ్వడం అయ్యాక మళ్లీ మెట్టు పట్టుకుని బండెక్కాడు. అక్క గరిటె పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

తిరుగుబస్సులో నాకొక మొండిపట్టు పుట్టింది. బొమ్మ కింది రేకుపట్టీలని చదునుగా వంచి అంటించేస్తే పనైపోతుంది, కూకున్నట్టు కనిపిస్తుంది. కానీ ఆయన వేలు పెట్టి నొక్కుతాడు. నాకు తెలుసు. నొక్కితే కదలకపోతే మళ్లీ దొరికిపోతాను. దాన్ని నేను కూర్చోపెట్టకూడదు, బరువుకి అదే కూర్చోవాలి. గంటస్తంభం దగ్గర గడియారాలు బాగుచేసే ఆయన దగ్గరకి వెళ్లి, చచ్చిపోయిన అలారం టైంపీసు ఒకటి అడిగి, దాని కీ స్ప్రింగు తెచ్చుకున్నాను. ఉక్కు. కత్తెరలు రెండు మొక్కబోయాయి, అందులో ఒకటి మా ఆవిడ జాకెట్లు కుట్టుకునేది. ఆ సంగతి ఆవిడకి ఈ వ్యాసం చదివాకే తెలుస్తుంది.

పట్టీలు నాలుగేసి పేర్చి బిగిస్తే, పైన ఇటుకముక్క పెట్టినా కూర్చోలేదు. రెండేసి చేస్తే ఏ బరువూ లేకుండానే బురదలో గేదెలా చతికిలబడింది. మూడు పెట్టి, మూడోది పొట్టిగా కోస్తే కుదిరింది. కుదిరాక బరువు సమస్య వచ్చింది. థర్మోకోలు బస్తాలు పనికిరావు. ఇసక పోస్తే చాలలేదు. మా ఆవిడ కాసేపు చూసి, పుట్టింటికి ఫోన్ చేసింది. రెండు రోజుల్లో మా బావమరిది బస్సులో ఒక పొట్లం పంపాడు. వలలకి కట్టే సీసం గుళ్లు. ఇంకో నాలుగు రోజులు ఆవిడ టీవీ ముందు కూర్చుని, నా పాతపంచె చింపి, బొటనవేలంత బస్తాలు కుట్టింది. ఒక్కోదాంట్లో ఒక గుండు, చుట్టూ ఇసక. ముప్పై కుట్టి సూది పడేసింది. స్కేలు ప్రకారం నూట ముప్పై కావాలి అన్నాను. మీ బావగారు లెక్కపెట్టుకుంటారా ఏటి అంది.

మూడో ఆదివారం పొద్దున్నే లారీని ఒళ్లో పెట్టుకుని సాలూరు చేరాను. కొనేవాడు మధ్యాహ్నం వస్తానన్నాడు. బావ యథాప్రకారం పైనే ఉన్నాడు. అరుగు మీద స్టూలు వేసి బొమ్మని పెట్టాను. అక్క వచ్చి రమ్మని పిలిచింది, పలకలేదు. టీ ఇచ్చింది, కిటికీలోంచే అందుకున్నాడు. నేను వెళ్లి కింద నిలబడ్డాను.

“కూకున్నాదో నేదో నువ్వే సూసి సెప్పాలి బావా” అన్నాను. నాకు తెలియకుండానే ఆయన భాష వచ్చేసింది.

దిగాడు. స్టూలు ముందు కుర్చీలో కూర్చుని, కళ్లజోడు తుడుచుకుని పెట్టుకున్నాడు. ముందు నుంచి చూడలేదు. వెనక్కి తిప్పి, తల వంచి, కన్ను బాడీకి సమంగా పెట్టి చూశాడు. అనుకున్నట్టే వేలు పెట్టి నొక్కాడు. బండి కిందకి దిగి, వదిలితే మళ్లీ లేచింది. ఇంకోసారి నొక్కాడు. నేను ఆ వేలినే చూస్తున్నాను. పదో తరగతి ఫలితాలు చూసుకున్న రోజు కూడా అంత భయపడలేదు.

బస్తాలు ఎన్నని అడిగాడు. ముప్పై అన్నాను. ఇంత తక్కువ లోడు ఎప్పుడు తోలినానురా నాను, పరువు తీసినావు అన్నాడు. లెక్కపెట్టుకోడన్నది కదా మా ఆవిడ. తరవాత ఎడమవైపు కొంచెం ఎక్కువ దిగిందన్నాడు. నాకు ప్రాణం ఉసూరుమంది. నిజమే, ఆ పక్క మూడో పట్టీ నూలుపోగంత పొట్టిగా తెగింది. నా తప్పే, సరిచేస్తానన్నాను.

“ఒగ్గీ, అలగే ఉండనీ. నా బండికీ అంతే. కోరాపుట్ ఘాట్‌లో పట్టీ విరిగినకాణ్నించి ఎడమేపుకే కూకుంటాది” అన్నాడు. ఆ మాట అని, చాలాసేపు దాని నుదుటి మీద వాళ్లమ్మ పేరు చూశాడు.

తరవాత తాడు ముడి విప్పడం మొదలెట్టాడు. నేను వేసిన ముడి. ఆ మొద్దువేళ్లతో ఆ సన్నదారం ఎలా దొరికిందో. పట్టా తీసి నాలుగు మడతలు పెట్టి పక్కన పెట్టాడు. వెనక తలుపు దించాడు. వెనక వరస నుంచి ఒక్కొక్క బస్తా తీసి, స్టూలు పక్కన పేపరు మీద పదేసి చొప్పున పేర్చాడు. ఎందుకు తీస్తున్నావని నేను అడగబోతే అక్క నా చెయ్యి పట్టుకుంది. పది తీసేసరికి తేడా ఏమీ లేదు. ఇరవై తీసేసరికి వెనక వైపు తేలికైనట్టు అనిపించింది. ఆఖరి బస్తా తీశాక పట్టీలు ఒంపు తిరిగాయి. బండి నెమ్మదిగా లేచి నిలబడింది. ఉక్కు నేనే కోశాను, ఎందుకు లేచిందో నాకు తెలుసు. అయినా వంగి మళ్లీ చూశాను.

బావ కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. నలభై ఏళ్లలో బండి ఎవులి సేతికిచ్చినా లోడు దింపకుండా ఇవ్వలేదన్నాడు, నాతో కాదు, దానితో అన్నట్టుగా.

“ఆడికి ఫోన్ సెయ్యి” అన్నాడు అక్కతో. “బండి కాళీ అయిపోనాది, వచ్చి తోలుకుపొమ్మను. తాళం నానే ఇస్తాను.”

అక్క ఫోన్ కోసం లోపలికి వెళ్లింది. ఆవిడ గొంతు లోపల్నుంచి వినిపిస్తున్నంతసేపూ బావ, ఆ బస్తాల్లోంచి రాలిన ఇసకని బాడీ మూలల్లోంచి నోటితో ఊదుతూ ఉన్నాడు.